మేకపోతు గాంభీర్యం ఎవరి ముందు?

ఉదయగిరి దుర్గం కింద నిలబడి తలెత్తి చూసినవారికి ఒక అనుమానం రాక మానదు. నిటారుగా లేచిన ఈ కొండని శత్రువు ఎలా పట్టుకున్నాడా అని. 1513లో శ్రీకృష్ణదేవరాయలు ఈ కోటని ముట్టడించాడు. లోపల గజపతుల సేన. ఒక రోజులోనో, ఒక నెలలోనో తేలే వ్యవహారం కాదది. దాదాపు ఏడాదిన్నర పట్టింది. కోట బురుజులని అందుకోవడానికి కొండల్నీ బండల్నీ తొలిపించి దారులు వేయించాడని పోర్చుగీసు గుర్రాల వ్యాపారి నూనిజ్ రాశాడు. 1514లో కోట లొంగింది. ఆ జులైలోనే రాయలు తిరుమల వెళ్లి వెంకటేశ్వరుణ్ని దర్శించుకున్నాడు.

అసలు విశేషం ఆ తర్వాత జరిగింది. అద్దంకి, వినుకొండ, బెల్లంకొండ, నాగార్జునకొండ... ఒకదాని వెనక ఒకటి చేతికొచ్చాయి. 1515లో కొండవీడు కూడా పడింది. ఉదయగిరికి పట్టినంత కాలం వీటిలో దేనికీ పట్టలేదు. సేన అదే, రాజూ అతనే. మరి తేడా ఎక్కడ? సేన కన్నా ముందు ఒక కబురు నడిచింది. ‘ఏడాదిన్నరైనా కదలకుండా కూర్చుంటాడు, పట్టేదాకా వదలడు’ అనే కబురు.

పోకర్ ఆడేవారు ఆ కబురుకే ‘టేబుల్ ఇమేజ్’ అని పేరు పెట్టుకున్నారు. ఆట బల్ల దగ్గర ఒకడి గురించి మిగతావాళ్ల మనసులో ఉండే బొమ్మ అది. ‘వీడు మంచి ముక్కలుంటే తప్ప పైసా వేయడు’ అని ఒకడి మీద. ‘వీడికేం లేకపోయినా ఎగబడి వేస్తాడు’ అని ఇంకొకడి మీద. ఆ బొమ్మని వాడుకుంటూ, పందెం మీద పందెం పెంచుతూ ఎదుటివాడిని బెదరగొట్టడమే దూకుడు. చేతిలో ఏమీ లేకుండా అలా చేస్తే బ్లఫ్. మన పెద్దల మాటలో చెప్పాలంటే... మేకపోతు గాంభీర్యం!

పెద్దపెద్ద ఆటల్లో ఈ గాంభీర్యం లక్షలు తెచ్చిపెట్టిన మాట నిజమే. కానీ రూపాయి, రెండు రూపాయల ఆన్‌లైన్ బల్లల మీద ఇదే విద్య చేసినవాడి జేబు ఎందుకు ఖాళీ అయింది? ఉదయగిరి, ఆత్మకూరు మెట్ట పల్లెల్లో చెట్ల కింద మూడు ముక్కలాటలో ఆరితేరినవాడికి ఫోన్‌లో పోకర్ ఎందుకు కొరుకుడు పడలేదు?

చూడకుండా వేసేవాడి ధీమా

మూడు ముక్కలాట తెలియని పల్లె ఉండదు. సంక్రాంతి నాలుగు రోజులూ చెట్టు కింద గుండ్రంగా కూర్చుంటే పొద్దే తెలియదు. ఈ ఆటలో ఒక చిత్రమైన నిబంధన ఉంది. ముక్కలు చూడకుండా ఆడేవాడు రూపాయి వేస్తే, చూసి ఆడేవాడు రెండు రూపాయలు వేయాలి. అంటే తెలియనివాడికి రాయితీ, తెలిసినవాడికి వాత!

“ఏంది మామా, చూడకుండానే వేస్తా ఉండావు?”

“చూసినోడివి నువ్వు గదా అబ్బయా! దమ్ముంటే రెండు వెయ్యి.”

ఆ ‘దమ్ముంటే’లోనే ఆటంతా ఉంది. చూడకుండా వేసేవాడికి సగం ఖర్చుతో రెట్టింపు భయం పుట్టించే వీలుంది. పైగా చాలాచోట్ల పందానికి హద్దుండదు. నడుం దగ్గర నోట్ల కట్ట ఉన్నవాడు పెంచుకుంటూ పోతే, జేబులో రెండు నోట్లే ఉన్నవాడు జత పడ్డా, కలర్ పడ్డా ముక్కలు కింద పడేయాల్సిందే. ఎదుట కూర్చున్నవాడు ఊరివాడే. వాడి చొక్కా, వాడి చూపు, పోయిన పండక్కి వాడు చేసిన ఆగడం అన్నీ గుర్తే. ఇమేజ్ పండటానికి ఇంతకన్నా మంచి నేల ఉండదు.

ఈ ఆటకీ న్యాయస్థానానికీ ఒక పాత లంకె ఉంది. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బులో రమ్మీ ఆడినవారి మీద పెట్టిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ‘ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం - కె. సత్యనారాయణ’ కేసుగా అది పేరుపడింది. 1967 నవంబరులో తీర్పు వచ్చింది. రమ్మీలో పడిన ముక్కల్ని గుర్తుంచుకోవాలి, ఏది పట్టాలో ఏది వదలాలో నేర్పు కావాలి కాబట్టి అది ప్రధానంగా నైపుణ్యం ఉన్న ఆట అంది కోర్టు. ఫ్లష్, బ్రాగ్ లాంటి పేర్లతో ఆడే మూడు ముక్కలాట మాత్రం కేవలం అదృష్టం అని తేల్చింది. పోకర్ ఈ రెంటికీ మధ్యలో చిక్కుకుంది. 2017లో గుజరాత్ హైకోర్టు దాన్ని జూదమంటే, 2023లో మద్రాస్ హైకోర్టు నైపుణ్యం ఉన్న ఆట అంది.

ఫోన్ తెరకి ముఖం లేదు

ఇక ఫోన్ సంగతి చూద్దాం. ఇది 2020కి ముందు మాట. ఆత్మకూరు బస్టాండులో ఉదయగిరి బస్సు కోసం కూర్చున్న ఒక కుర్రాడు జేబులోంచి ఫోన్ తీశాడనుకోండి. తెర మీద ఆకుపచ్చ బల్ల, చుట్టూ ఆరు కుర్చీలు. ముక్కలు పంచకముందే ఇద్దరు తప్పనిసరిగా పందెం వేయాలి. ఒకరు రూపాయి, ఇంకొకరు రెండు. ప్రతివాడికీ రెండేసి ముక్కలు మూసి పంచుతారు. బల్ల మీద అందరికీ ఉమ్మడిగా అయిదు ముక్కలు దఫాలుగా తెరుస్తారు. ఈ ఏడింటిలో మంచి అయిదు ఎవరికి కుదిరితే పోగు డబ్బు వారిది. నాలుగు విడతల్లో పందేలు. ఎప్పుడైనా పెంచవచ్చు, ఎప్పుడైనా ముక్కలు పడేయవచ్చు.

కుర్రాడు చెట్టు కింద మామ దగ్గర నేర్చిన విద్యే ఇక్కడా చూపిస్తాడు. ఏ ముక్కలొచ్చినా పెంచడం. ఎదుటివాడు ఆగితే మళ్లీ పెంచడం. అక్కడ పనిచేసింది ఇక్కడ చేయదు. కారణాలు మూడు.

మొదటిది, ఎదుటివాడు చూడటం లేదు. వాడు ఏ ఊళ్లోనో టీవీ ముందు పడుకుని, ఒక వేలితో నాలుగు బల్లల మీద ఆడుతున్నాడు. పది నిమిషాలు ఆడి లేచిపోతాడు. ఆ కుర్చీలోకి ఇంకొకడొస్తాడు. గంటసేపు కష్టపడి కట్టుకున్న ఇమేజ్ ఆ కుర్చీతోపాటే పోయింది. ఇమేజ్ అనేది మన దగ్గర ఉండే వస్తువు కాదు, ఎదుటివాడి బుర్రలో ఉండే బొమ్మ. ఆ బుర్ర ఇటు తిరగకపోతే చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

రెండోది, ఎదుటివాడికి పోయేదేమీ లేదు. రెండు రూపాయల బల్ల మీద ముప్పై రూపాయల పందానికి ఎవడు బెదురుతాడు? ‘ముప్పై రూపాయలే కదా, వాడి దగ్గర ఏముందో చూద్దాం’ అనుకుంటాడు. కుతూహలానికి అంత చవకైన టిక్కెట్టు దొరికితే ఎవరు వదులుకుంటారు!

మూడోది, నోట్ల కట్టకి ఇక్కడ విలువ లేదు. పోకర్‌లో ఒక గట్టి నిబంధన ఉంది. బల్ల మీద పెట్టిన డబ్బుకి మించి ఎవరూ పోగొట్టుకోరు. ఒకడి ముందు 10,000 ఉన్నా, ఎదుటివాడి ముందు 100 ఉంటే వాళ్లిద్దరి మధ్య పందెం ఆ వందకే. ఆ వందా పెట్టేశాక వాణ్ని ఎవరూ తరమలేరు. చివరి ముక్క దాకా దర్జాగా కూర్చుంటాడు. చెట్టు కింద సాగిన కట్టల దౌర్జన్యం ఇక్కడ సాగదు.

ఓ మొండి దూకుడు కథ

దూకుడుకి ఇంత పేరు రావడానికి ఒక సంఘటన చాలావరకు కారణం. 2003లో లాస్‌వెగాస్‌లో ప్రపంచ పోకర్ పోటీలు జరిగాయి. 839 మంది ఆడారు. నేరుగా ప్రవేశించాలంటే 10,000 డాలర్లు కట్టాలి. అమెరికాలోని టెనెసీకి చెందిన క్రిస్ మనీమేకర్ అనే అకౌంటెంటు వంద డాలర్లైనా పెట్టకుండా ఆన్‌లైన్ అర్హత పోటీలు నెగ్గి అక్కడికొచ్చాడు. చివరికి మిగిలింది ఇద్దరే. అతనూ, శామ్ ఫర్హా అనే చేయి తిరిగిన ఆటగాడూ.

ఒక చేతిలో మనీమేకర్ దగ్గర రాజు, ఏడు ఉన్నాయి. బల్ల మీద అయిదు ముక్కలూ తెరుచుకున్నా అతనికి కనీసం ఒక జత కూడా పడలేదు. ఫర్హాకి తొమ్మిదుల జత ఉంది. బల్ల మీద అంతకన్నా పెద్ద ముక్క లేదు కూడా. మనీమేకర్ తన ముందున్నదంతా తోసేశాడు. ఫర్హా చాలాసేపు ఆలోచించి, గెలిచే ముక్కల్ని పడేశాడు. ఆ తర్వాత కాసేపటికే ఆట ముగిసింది. మనీమేకర్ 25 లక్షల డాలర్లు గెలిచాడు. ఈ దెబ్బతో ప్రపంచమంతా ఆన్‌లైన్ పోకర్ మీద పడింది. మన దేశంలోనూ 2010 తర్వాత అడ్డా52, పోకర్‌బాజీ లాంటి వేదికలు పుట్టుకొచ్చాయి.

ఈ కథలో అందరూ మనీమేకర్ ధైర్యాన్నే చూశారు. చూడాల్సింది ఫర్హాని. అతను ప్రతి పందాన్నీ గమనిస్తున్నాడు. ఏ విడతలో ఎంత వేశాడో, ఎందుకు వేసి ఉంటాడో లెక్క కడుతున్నాడు. అతనికి పోగొట్టుకోవడానికి ప్రపంచ టైటిలే ఉంది. పైగా మంచి ముక్కల్ని సైతం పడేయగల నిగ్రహం ఉంది. ఆ కుర్చీలో రెండు రూపాయల బల్ల ఆటగాడు ఉండి ఉంటే? ‘తొమ్మిదుల జత పడింది కదా’ అని మరుక్షణం కాల్ నొక్కేవాడు. ఆ బ్లఫ్ పండింది ఎదుట నేర్పరి ఉండబట్టే!

లెక్క ఏమంటోంది?

దీన్ని నోటి లెక్కలోనే తేల్చవచ్చు. బల్ల మీద 60 రూపాయలు పోగుపడ్డాయి. చేతిలో ఏమీ లేనివాడు 30 వేసి బెదిరించాడు. ఎదుటివాడు బెదిరితే 60 లాభం. బెదరకపోతే 30 నష్టం. అంటే మూడుసార్లలో ఒకసారి బెదిరితే లాభనష్టాలు సరి. అంతకన్నా తరచుగా బెదిరితేనే లాభం.

ఇప్పుడు అయిదుసార్లలో ఒక్కసారే ముక్కలు పడేసే మొండివాడు ఎదురయ్యాడు. ఒకసారి 60 వస్తుంది. నాలుగుసార్లు 30 చొప్పున 120 పోతుంది. నికరంగా 60 నష్టం. ‘తక్కువ వేశాను కాబట్టి బెదరలేదు’ అని 60 వేస్తే? అప్పుడు రెండుసార్లలో ఒకసారి బెదిరితే గానీ సరిపోదు. మొండివాడు మొండివాడే. గొయ్యి లోతవుతుంది, అంతే.

అదే మొండివాడి ముందు లెక్క తిరగేసి చూడండి. చేతిలో నిజంగానే మంచి ముక్కలున్నప్పుడు 30 వేస్తే, అయిదుసార్లలో నాలుగుసార్లు వాడు తక్కువ ముక్కలతో కాల్ చేస్తాడు. ఆ నాలుగూ నిలబడితే అదనంగా 120 వచ్చినట్టు. ఏ మొండితనం బ్లఫ్‌ని ముంచిందో, అదే మంచి ముక్కలకి సిరి కురిపిస్తుంది.

పోకర్‌లో దూకుడుగా ఆడమని అనుభవజ్ఞులు చెప్పడానికి కారణం ఇదే. పందెం వేసేవాడికి గెలుపు దారులు రెండు. ఎదుటివాడు వదిలేయడం ఒకటి, చివర్లో తన ముక్కలే పెద్దవి కావడం రెండోది. ఊరికే కాల్ చేసేవాడికి ఉన్నది రెండో దారి ఒక్కటే. చిన్న బల్ల మీద మొదటి దారి దాదాపు మూసుకుపోయింది. కాబట్టి అక్కడ దూకుడంటే బెదిరింపు కాదు, వసూలు. చేతిలో సరుకున్నప్పుడు మొహమాటం లేకుండా పూర్తి ధర అడగడం.

సొంత బొమ్మ కన్నా ఎదుటి బొమ్మ

అయితే చిన్న బల్లల మీద ఇమేజ్‌కి పనే లేదా? ఉంది. తన ఇమేజ్ కట్టుకోవడం కన్నా ఎదుటివాళ్ల ఇమేజ్ చదవడంలో ఉంది. వాళ్లు చూడకపోవడం తనకి నష్టమైతే, తాను చూడటం లాభమే కదా!

వందసార్లు ముక్కలు పంచితే ఎన్నిసార్లు ఆడుతున్నాడు, ఎన్నిసార్లు పడేస్తున్నాడు అనేది మొదటి ఆనవాలు. అరవై డెబ్బైసార్లు ఆడేవాడి దగ్గర ప్రతిసారీ మంచి ముక్కలుండవు. వాడి మీద మధ్యరకం ముక్కలతోనైనా వసూలుకి దిగవచ్చు. గంట నుంచి కాల్ తప్ప మరేదీ నొక్కనివాడు చివరి ముక్క తెరుచుకోగానే హఠాత్తుగా పెంచితే? అది దాదాపు ఎప్పుడూ నిజమే. ఎంత ముద్దొచ్చే జత ఉన్నా అక్కడ పడేయడమే తెలివి. చిన్న బల్లల మీద డబ్బు మిగిల్చేది ఘనమైన బ్లఫ్‌లు కావు, ఇలాంటి చప్పని ఫోల్డ్‌లే.

ఇక ఎప్పుడైనా బ్లఫ్ పట్టుబడి అందరూ నవ్వారనుకోండి. సామాన్యంగా పౌరుషం పొడుచుకొస్తుంది. ఈసారి ఇంకా పెద్దది వేసి పరువు నిలుపుకోవాలనిపిస్తుంది. చేయాల్సింది దానికి పూర్తిగా వ్యతిరేకం. ‘వీడు ఉత్తుత్తి గాంభీర్యం’ అన్న బొమ్మ అప్పుడే పడింది. చూసినవాళ్లు ఇంకా కుర్చీల్లోనే ఉన్నారు. ఇక మంచి ముక్కలు వచ్చేదాకా ఆగి, వచ్చినప్పుడు గట్టిగా వేయడమే. పోయిన పరువుని సొమ్ము చేసుకునే అవకాశం అది. ఉన్న కాసేపట్లో వాడుకోకపోతే ఆ కుర్చీల్లోకి కొత్తవాళ్లొస్తారు.

అసలు ఇమేజ్ ఊసే లేకుండా ఆడే ఆటగాడు కూడా ఒకడున్నాడు. మనిషి కాదు, యంత్రం. అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీ, ఫేస్‌బుక్ పరిశోధకులు కలిసి తయారుచేసిన ప్లూరిబస్ అనే ప్రోగ్రాం 2019లో ఆరుగురి బల్ల మీద వృత్తి ఆటగాళ్లని ఓడించింది. అది ఎదుటివాడి పేరూ చూడదు, వాడి పాత కథా పట్టించుకోదు. బ్లఫ్ మాత్రం చేస్తుంది. పౌరుషం కోసం కాదు, పాళ్ల ప్రకారం. పట్టుబడినా సిగ్గుపడదు, కసి పెంచుకోదు. మనిషిని ముంచేది ఆ సిగ్గూ, కసే.

రెండు రూపాయలేగా!

చిన్న బల్లని చిన్నచూపు చూసినవాళ్లు చాలామంది. ఈనాటి ధరల్లో ఒక లెక్క చూడండి. రెండు రూపాయల బల్ల మీద కూర్చోవడానికి 200 కావాలనుకుందాం. ఒకేసారి నాలుగు బల్లలంటే 800. అవి పోయాయని మరో రెండుసార్లు నింపి, అవీ పోతే ఒక్క రాత్రికి 2,400. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. అంటే ఎండలో దాదాపు ఎనిమిది రోజుల పలుగూ పారా. వానలు ముఖం చాటేసే మెట్టలో ఎనిమిది రోజుల కూలంటే ఏమిటో విడమరచి చెప్పనక్కర్లేదు.

దీనికి తోడు గెలిచినవాడి పోగులోంచి ప్రతిసారీ వేదిక తన వాటా కోసుకుంటుంది. వాటా నూటికి అయిదే అనుకున్నా, ఒకే వంద ఆ చేతిలోంచి ఈ చేతిలోకి ఇరవైసార్లు తిరిగేసరికి మరో వందకి సమానమైన సొమ్ము వేదిక గల్లాకి చేరినట్టే. సమాన నేర్పు ఉన్న ఆరుగురు రాత్రంతా ఆడితే తెల్లారేసరికి ఆరుగురూ కలిసి ఓడిపోయి ఉంటారు. నెగ్గేది బల్ల ఒక్కటే. ఆటకి అనుమతి ఉన్న రాష్ట్రాల్లో 2023 అక్టోబరు 1 నుంచి జమచేసే డబ్బు మీద 28 శాతం జీఎస్టీ కూడా వచ్చి పడింది.

ఈ బల్లల్ని ఆంధ్రప్రదేశ్ దేశవ్యాప్త చట్టం రాకముందే మూసింది. 2020 సెప్టెంబరులో 1974 నాటి జూద నిరోధక చట్టాన్ని సవరించి, రమ్మీ, పోకర్ సహా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించింది. ఆడినవారికీ ఆరు నెలల దాకా జైలు శిక్ష పెట్టింది. తెలంగాణ అంతకు మూడేళ్ల ముందే, 2017లో ఆ పని చేసింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. 22న రాష్ట్రపతి ఆమోదం పడగానే పెద్ద వేదికలన్నీ డబ్బాటలు ఆపేశాయి. నైపుణ్యమా, అదృష్టమా అన్న పాత తగాదాని ఈ చట్టం పక్కనబెట్టింది. డబ్బు పెట్టి ఆడించేవారికి మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా అంది.

చాటుమాటుగా పిలిచే యాప్‌లూ, ముఖం తెలియని గ్రూపులూ ఉంటాయి. అక్కడ ముక్కలు ఎవరు కలిపారో, ఎదుట కూర్చున్న అయిదుగురూ ఒకే గదిలో ఉన్నారో తెలుసుకునే దారి లేదు. గెలిచిన డబ్బు ఇవ్వకపోతే అడిగే దిక్కూ లేదు. అలాంటిచోట దూకుడు, ఇమేజ్ అని లెక్కలు వేయడం ఎండమావిలో వల వేయడమే.

ఉత్తుత్తి చిప్పులతో ఆడుకునేవారికి ఈ విద్య నేర్చుకోవడంలో తప్పులేదు. అక్కడైతే బ్లఫ్ అసలే పండదు. పోయేదేమీ లేనివాడు ఎందుకు బెదురుతాడు? ఓపికగా ఆగడం, ఎదుటివాణ్ని చదవడం, సమయమొచ్చినప్పుడు పూర్తి ధర అడగడం... ఈ మూడూ మాత్రం అక్కడా అలవడతాయి. ధాన్యం బేరంలోనూ, జీతం మాట్లాడుకునేచోటా పనికొస్తాయి.

చివరిగా ఒక మాట. బల్ల మీద ఇమేజ్ ఆయుష్షు పది నిమిషాలు. కుర్చీ ఖాళీ అయితే అదీ పోతుంది. ఊళ్లో ఇమేజ్ అలా కాదు. ఉదయగిరిలో చేసిన అప్పు సంగతి ఆత్మకూరు దాకా బస్సు కన్నా ముందే చేరుతుంది. అక్కడ చూసేవాళ్లకి కొదవ లేదు, మరిచిపోయేవాళ్లే తక్కువ. పోయిన రెండొందల కోసం మరో రెండొందలు అప్పు తెచ్చే దూకుడు ఏ బల్ల మీదా కనిపించదు గానీ, కిరాణా కొట్టు ఖాతా పుస్తకంలో అక్షరాలా కనిపిస్తుంది. కాపాడుకోవాల్సిన ఇమేజ్ ఏదైనా ఉంటే అది ఇదే.